కెమెరాలో పడని మూల

ఇంగ్లీషులో కాలు విరగ్గొట్టుకో అంటే అంతా మంచే జరగాలని దీవించడమట, దీవెనలే ఇలా ఉంటే ఇక వాళ్ళ తిట్లు ఎలా ఉంటాయో, ఈ పాఠం మనవరాలు మొన్న కూడా చెప్పింది, ఇదే మాట, ఇదే నవ్వు, నవ్వు దగ్గర మాత్రం ఇవాళ గొంతు జీరపోయింది, నాకూ గొంతులో గరగరలాడుతోంది, దగ్గకూడదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను, బల్లకు ఇవతల గోడకూ కిటికీకీ మధ్య, హాల్లో ఈ మూల ఒక్కటే కెమెరాలో పడదు, తలుపేమో మనవరాలి వీపు వెనక ఉంది, ఒకసారి మధ్యలో లేచి వెళితే కంప్యూటర్లో క్లాసువాళ్ళంతా గొల్లున నవ్వారట, అమ్మమ్మా నీకు దణ్ణం పెడతాను, క్లాసు అయ్యేదాకా కదలకు అంది, సరేలేవే బొమ్మలా ఉంటాను అన్నాను, మాట మీద నిలబడటానికి రోజూ ఇలా కూర్చుండిపోతున్నాను.

కూర్చుని కూర్చుని నాకూ అబ్బింది ఇంగ్లీషు, పలక మీద అక్షరాలతోనే చదువు ఆగిపోయినదాన్ని, అండర్ ద వెదర్ అంటే ఎవరో పాపం వానలో తడుస్తున్నారనుకున్నాను, ఒంట్లో నలతగా ఉందనట, కేకు ముక్క అంటే చిటికెలో అయ్యే పని, బీన్స్ ఒలకబోశాడంటే గుట్టు బయటపెట్టాడని, వారమూ వీకే, నీరసమూ వీకే, రాతలో వేరట, చెవికి ఒకటే, నాకు వారమంతా నీరసమే కనుక ఇబ్బంది లేదు, నాకివన్నీ తెలుసని ఇంట్లో ఎవరికీ తెలియదు, నేను వినకూడనిది ఏదన్నా ఉంటే అల్లుడు ఇంగ్లీషులోకి దిగుతాడు, తెర దించేసినట్టు, నా కూతురూ అంతే, నా పళ్ళసెట్టు సంగతీ, కింది వాటావాళ్ళ కాపురం సంగతీ అన్నీ నా ఎదుటే, నేను కళ్ళజోడు తుడుచుకుంటూ వింటాను.

అలాగే విన్నాను అది కూడా, దే లెట్ మి గో అని మనవరాలు స్నేహితురాలికి ఫోనులో చెబుతోంది, చెయ్యి వదిలేశారని కాదు, ఉద్యోగంలోంచి తీసేశారని, ఇది నేర్పిన మాటే, ఇక మీదట మిషనే పాఠాలు చెబుతుందట, ఇంకొకటి దొరికేదాకా ఇలాగే నడిపిస్తాను, నాన్నకు తెలిస్తే చంపేస్తాడు అంది, ఇక్కడ చంపడం ఉట్టి మాటే, దెప్పడమే నిజం, దెప్పడంలో మా అల్లుడు ఆరితేరినవాడు, మా ఆఫీసులో కుర్చీ చూపిస్తే కాలితో తన్నావు, మాటలు అమ్ముకుని బతుకుతావా, చూస్తా ఎన్నాళ్ళో అన్నాడు, చూడు నాన్నా అంది ఇది, ఆ చూడు అన్న మాటే ఇప్పుడు మెడకు చుట్టుకుంది, దాని వెనక బీరువా అద్దంలో కంప్యూటరు తెర నీడ నాకు కనిపిస్తుంది, ఇదివరకు గళ్ళుగళ్ళుగా మొహాలుండేవి, ఎప్పుడూ ఆవులించే మీసాలాయన, చంకలో బిడ్డతో ఒక తల్లి, ఇప్పుడు నలుపు, ఒట్టి నలుపు, ఆ నలుపుకే నా బంగారం గుడ్ మార్నింగ్ చెబుతోంది, ఎవరూ చెప్పని జవాబుకి వెరీ గుడ్ అంటోంది.

ఇది ఆగలేదు, దీని గొంతు ఆగితే లోపలి గదిలో కుట్టుమిషను ఆగుతుంది, నా కూతురి కాళ్ళు మిషను మీద, చెవులు ఇక్కడ, కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ మా అమ్మాయి గొంతు విన్నారా అని గొప్పలు పోతుంది, వాళ్ళు వినడానికే వచ్చినట్టు, ఆ చక్రం తిరగాలంటే ఈ పిల్ల వాగాలి, ఈ పిల్ల వాగుతున్నంతసేపూ నేను కదలకూడదు, తెలుసే తల్లీ అని ఒక్క మాట అనేద్దామంటే ఇన్నాళ్ళూ విన్నవన్నీ తెలుసని ఒప్పుకోవాలి, రేపటి నుంచి అందరూ గుసగుసలకు పక్కగదిలోకి పోతారు, నాకీ మూలా, ఈ గోడా మిగులుతాయి, నలుగురి మాట చెవిన పడకపోతే నాకు అన్నం అరగదు, అనకపోతేనేమో దాని చేతివేళ్ళు చూడు, గోళ్ళు కొరికి కొరికి కొసలు ఎర్రబడ్డాయి, నిన్న కంచంలో అన్నం కెలికి లేచిపోయింది.

ఐ యామ్ ఆల్ ఇయర్స్, అంటే ఏమిటి, ఎనీబడీ, అని అడిగింది, జవాబు కోసం కాస్త ఆగి వెరీ గుడ్ అంటుంది కదా ఎప్పుడూ, అనలేదు, తెర వంక చూస్తూనే ఉంది, చిన్నప్పుడు తమ్ముణ్ణి చంకనేసుకుని బడి కిటికీ కింద నిలబడేదాన్ని, లోపల పంతులుగారు అడిగినదానికి జవాబు నాకు నోటిదాకా వచ్చేది, బయట నిలబడ్డవాళ్ళని ఎవరడుగుతారు, మింగేసేదాన్ని, లోపల చక్రం ఆగింది, ఏమే, గొంతు ఆగిందేం అని నా కూతురి కేక, ఇది గుడ్లప్పగించి చూస్తోంది, ఒళ్ళంతా చెవులు చేసుకుని వినడం, టీచరమ్మా, అన్నాను.

ఉలిక్కిపడుతుందనుకున్నాను, పడలేదు, బల్ల మీదకు వంగిపోయి మొహం చేతుల్లో పెట్టుకుని, ఇవాళ్టికి చెప్పావా అమ్మమ్మా అంది, ఓసి నీ దుంప తెగ, నాకు అర్థమవుతోందని నీకు తెలుసా అన్నాను, తెలీకపోవడమేం, జోకు విడమరిచి చెప్పకముందే నీ భుజాలు ఎగురుతాయి అంది, ఏడుస్తూనే నవ్వింది, లోపల కుర్చీ జరిగిన చప్పుడు, నా కూతురి అడుగులు ఇటే వస్తున్నాయి, నేను లేచి దాని పక్కకు వెళ్ళి నిలబడ్డాను, ఉద్యోగం పోయిందని చెప్పిన ఆ రోజు ఫోను బాల్కనీలోకి తీసుకెళ్ళి మాట్లాడుకోవచ్చు కదా అది, తలుపేసుకోవచ్చు, వేసుకోలేదు, నా మోకాళ్ళ దగ్గర చాప మీద కూర్చుని ఒక్కొక్క మాటా నిదానంగా పలికింది, నలుపుకి పాఠం చెప్పినట్టే, స్నేహితురాలికి చెబుతున్నట్టే, ఇన్నాళ్ళూ అది చెబుతున్నది నాకే.