చాప కింద తలవంచిన నర్సు

పెలెనిసే అనే ఆవిడ పసికొడుకు జ్వరంతో పోయిన మర్నాడే, నర్సు సినీరా వేసిన టీకాయే వాణ్ణి చంపిందన్న మాట ఒక పసిబిడ్డ ఫొటోతో సహా సవాయి ద్వీపమంతటా ఫోన్లలో పాకిపోయింది. తాను టీకాయే వేయలేదని సినీరా మొత్తుకున్నా వినేవారు లేకపోయారు. గొడవ ముదరకూడదని ఊరి పెద్దలైన మతాయిలలో ముఖ్యుడు తఫునాయి ఆమెను ఇఫోంగా అనే క్షమాపణ ఆచారం పాటించమన్నాడు. ఏడుస్తున్న ఇంటి ముందు నేతచాప కప్పుకొని తలవంచితే పోయేదేముందని సినీరా తల్లి మకెరిటా కూడా ఒప్పుకున్నది. పెలెనిసే మామ బయటికి వచ్చి, క్షమించినట్టుగా చాప తొలగించి, సినీరాను లోపలికి పిలిచాడు. అంతటితో తీరిందనుకున్నారు.

తీరలేదు. చాప కింది సినీరా ఫొటో మధ్యాహ్నానికల్లా ఫోన్లలోకి ఎక్కింది: ‘నర్సు నేరం ఒప్పుకుంది.’ ఆసుపత్రి వరండా ఖాళీ అయిపోయింది. ఆమెను ఊరినుంచి వెలివేయడానికి మతాయిల సభ కూర్చుంది.

స్త్రీల సంఘానికి పెద్ద అయిన మకెరిటా, పిలవకపోయినా, పెలెనిసేను వెంటబెట్టుకొని వెళ్లి స్తంభం పక్కన కూర్చుంది.

“టీకా వల్లేనని ఎవరు చెప్పారు పెద్దాయనా?” అని తఫునాయిని అడిగింది.

“మా తమ్ముడి కొడుకు. ఆక్లాండ్ నుంచి పంపాడు.”

“వాడు చూశాడా?”

“వాడికెవరో పంపారట.”

“చేప కొనేటప్పుడు మొప్పలెత్తి మరీ చూస్తావే! ఈ మాటకి ఎత్తి చూడాల్సిందేమీ లేదా?”

ఎవరో కిసుక్కుమన్నారు. తఫునాయి కళ్లెర్రజేశాడు. “బిడ్డ ఫొటో ఉందిగా!”

“ఉంది. అందులో బిడ్డని ఊలు కంబళిలో చుట్టారు. మన ఉక్కలో ఊలు కప్పుతామా? నువ్వు కప్పుకుంటావా?”

“తప్పు లేకపోతే మీ పిల్ల చాప కింద ఎందుకు కూర్చుంది మరి?”

“నువ్వు కూర్చోమన్నావు గనక.”

అప్పుడు పెలెనిసే తల ఎత్తకుండానే అన్నది: “నేను వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లనేలేదు. టీకాలు బిడ్డల్ని చంపుతాయని ఫోన్లో చూసి భయపడ్డాను. చెబితే నా బిడ్డని నేనే చంపుకున్నానంటారని...”

తఫునాయి అన్నాడు: “సరే, వెలి లేదు. ఇక వదిలెయ్యండి.”

“ఆదివారం చర్చిలో లేచి చెప్పు, పొరపడ్డానని.”

“అలా చెబితే రేపు నా మాట ఎవరు వింటారు మకెరిటా?”

“చెప్పకపోతే రేపు ఎవరి బిడ్డ పోతాడు?”

ఇంటింటికీ తిరిగి నిజం చెప్పడానికి మకెరిటా లేచింది. పెలెనిసే కూడా లేచి, ఆమె అడగకముందే వెంట నడిచింది. మొదటి ఇంటివాళ్లు వారిని చూస్తూనే తెరలు దించేశారు. రెండో ఇంట్లో, బిడ్డను చంకనెత్తుకున్న తల్లి మాత్రం కూర్చోమన్నది.