రేకుల కింద గాలి

తడిపిన బంకమన్ను ముంతలో పెట్టుకుని, తెల్లారగట్ల దాలయ్య తన ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. గోడకీ పైరేకుకీ మధ్య మన్ను ఎండి బీటలిచ్చిన చోటల్లా వేలితో కూరి, అరచేత్తో నున్నగా అలుకుతున్నాడు. బస్తాలు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి దిగిపోయింది. కుడి మోచేతి నుంచి మెడ దాకా పాత కాలిన మచ్చ మామిడితాండ్రలా ముడతలు పడి ఉంది. ఎండలు ముదిరాయంటే ఆమదాలవలసలో అందరూ తాటిముంజెల కోసం చూస్తారు. దాలయ్య బీటల కోసం చూస్తాడు.

చూడడా మరి! పూరిపాకలో నిద్రపోతున్న కూతురు నీలవేణిని ఒక్క నిప్పురవ్వ పొట్టన పెట్టుకుంది. పడమటి గాలికి ఎక్కడ నుంచి ఎగిరొచ్చిందో, చూరులో దూరింది. మంటలోకి దూకి పిల్లను బయటికి లాక్కొచ్చాడు గాని, బతికించుకోలేకపోయాడు. మళ్లీ తాటాకు కింద తలపెట్టనని ఆ రోజే ఒట్టేసుకున్నాడు. విశాఖపట్నంలో బాంబులు పడ్డ ఏడాది షావుకారు జగన్నాధం గారు పాత ధాన్యం కొట్టు విప్పిస్తే, కాళ్లావేళ్లా పడి ఆ రేకులు తెచ్చుకుని ఇల్లు కప్పాడు. రవ్వ దూరకుండా చూరు పొడుగునా మన్ను మెత్తేశాడు. కిటికీ మాటే లేదు. వీధి మొత్తానికి రేకుల ఇల్లు అదొక్కటే. దర్జా బాగానే ఉంది, లోపల కాపురం చేసే గురమ్మనడగాలి దాని సుఖం!

గురమ్మకి ఆయాసం. షావుకారి కళ్లంలో ఏళ్లపాటు చేటతో ధాన్యం తూర్పారబట్టింది. ఆ దుమ్మంతా రొమ్ములో చేరి మనిషిని మంచాన పడేసింది. బయట కూర్చుందామంటే బియ్యం మిల్లు ఊక వీధంతా ఎగురుతుంది, దగ్గు తెర ఆగదు. లోపలుందామంటే పొద్దెక్కేసరికి ఇల్లు పొయ్యి మీద మూకుడే. ఎటూ పోలేని బతుకైపోయింది పాపం.

“రేకు మీద తాటాకు కప్పుకోండర్రా, సల్లగుంటాది,” అని పక్కింటి దేముడమ్మ ఓసారి అంటే దాలయ్య ఆమె మీద ఇంతెత్తున లేచాడు. తడి గోనెలు పరుద్దామంటే రేకుని తుప్పు తినేస్తుంది. రేకు కింద వెదురు తడిక బిగించి, మందంగా మన్ను మెత్తి అటక కట్టుకోమన్నాడు ఒక తాపీమేస్త్రి. మన్ను కాలదు గనక దాలయ్యకి అది నచ్చింది. “కాని రేకుకీ అటకకీ నడుమ గాలి పోవాల. రెండేపులా కన్నాలెట్టాల,” అన్నాడు మేస్త్రి. కన్నం అనగానే దాలయ్య వద్దంటే వద్దన్నాడు. అటక సంగతి అంతటితో సరి.

మన్ను పని ముగించి లోపలికొస్తే, గురమ్మ మంచం మీదనే కూర్చుని ఇనప గరిటెతో గంజి కలుపుతోంది.

“మావా, ఊపిరాడ్డం నేదు. సెయ్యి దూరినంత కన్నం ఎట్టు.”

“రవ్వ రాదేటే? ఒకసారి కాలింది సాల్లేదా?”

అతను గంజి తాగి లేస్తుంటే గురమ్మ పంచె పట్టుకుంది.

“సావుకారి ధాన్యానికి రోజూ గాలెడతావు గదా మావా. నాను ధాన్యం పాటి సెయ్యనా?”

“ఊరుకోయే!” అని కసిరి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. దారి పొడుగునా ఆ మాట అతని వెంటే వచ్చింది.

షావుకారిదీ రేకుల కొట్టే. రోజూ పొద్దున్నే పొడుగాటి వెదురు కర్రతో రేకుల కింది చిన్న కిటికీల తలుపులు పక్కకి నెట్టి తెరవడం, సాయంత్రం మూయడం దాలయ్య పని. తెరవకపోతే ధాన్యం ఆవిరెక్కి ముక్కిపోతుంది. ఆ రోజు పడమటి కిటికీ బిగుసుకుపోయింది. బస్తాల మీదుగా పైకెక్కి తలుపు పక్కకి లాగాడు. చెవి పక్క నుంచి వేడిగాలి బుస్సుమని బయటికి పోయింది. కిటికీకి పిచ్చుకలు రాకుండా ఇనప వల కొట్టి ఉంది. మిల్లు గొట్టం నుంచి ఎగిరొచ్చిన కాలిన ఊక, నల్లగా, ఆ వల అవతలే అతుక్కుపోయి ఉంది. దాలయ్య వేలితో వల ఇవతల తడిమాడు. నలుసైనా లేదు.

ఇన్నేళ్లూ కింద నిలబడి కర్రతో పొడిచాడే గాని, ఒక్కసారైనా ఎక్కి చూశాడా? బస్తా మీద కూలబడ్డాడు. “ఓలమ్మో, ఎంత పని సేసినాను!” అనుకుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

దిగొచ్చి షావుకారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “బాబూ, పాత వల ముక్కుంటే ఇప్పించండి.”

“ఏటికిరా దాలిగా, పిచికల్ని పడతావా?”

“ఇంటికండి. గాలికి కన్నం ఎడతాను. ఓపాలి ఎల్లొస్తాను బాబూ.”

“తీసుకో గాని, బళ్లొచ్చి నిలబడ్డాయి. దించినాక ఎల్దువు.”

బళ్లు దించేసరికి పొద్దు వాలింది. కిటికీలు మూసి, వలని చుట్టి చంకన పెట్టుకుని, దాలయ్య ఇంచుమించు పరిగెత్తాడు. ఈ రాత్రికే పడమర ఒక కన్నం, తూర్పున ఒకటి. రేపు వెదురు తేవాలి. ఆ తరవాత అటక. ఎన్నాళ్లకో అతని ఒంట్లో హుషారు పుట్టింది. “ఒసే గురమ్మా, తెచ్చినానే!” అని వీధిలోంచే కేకేశాడు.

తలుపు తోస్తే వేడి మొహాన కొట్టింది. మంచం పడమటి గోడకి జరిపి ఉంది. దాని మీద గురమ్మ గోడకి జారగిలబడి, మొహం పైకెత్తి కూర్చుని ఉంది. పిలిచాడు. భుజం పట్టుకు కుదిపాడు. రొమ్ము మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. ఆయాసం తీరిపోయింది.

అతని అరుపుకి దేముడమ్మ పరుగెత్తుకొచ్చి ఏడుపందుకుంది. ఇద్దరూ కలిసి గురమ్మని అరుగు మీదికి తెచ్చి పడుకోబెట్టారు. ఆమె జుట్టులోనూ గోళ్లలోనూ మన్ను.

చాప కోసం దాలయ్య మళ్లీ లోపలికెళ్లాడు. పొద్దున తను కూరిన మన్ను మంచం మీద పెళ్లలుగా రాలి ఉంది. తలెత్తి చూశాడు. రేకుకీ గోడకీ నడుమ మన్నులో, గంజి కలిపిన ఇనప గరిటె కాడ సగానికి పైగా దిగి ఉంది. దాని పక్క నుంచి చిటికెన వేలంత వెలుగు పడుతోంది.