‘రెఫ్యూజ్డ్’ అని రాసే ముందు

ఆ వార్డులో రోగుల కాగితాలన్నీ ఇంగ్లిషులోనే రాయాలి. పెద్ద కష్టమేమీ కాదు, నాలుగు వాక్యాలు వస్తే రోజు గడిచిపోతుంది. కొత్తగా చేరిన చిన్న సిస్టర్‌కి అన్నిటికన్నా సులువుగా పట్టుబడిన వాక్యం ‘పేషంట్ రెఫ్యూజ్డ్ ఫుడ్’. అంటే రోగి తిండి వద్దన్నాడని. కిటికీ పక్క మంచం మీది తాత పుణ్యమా అని పూటపూటకీ అదే రాస్తోంది.

ఆ మధ్యాహ్నం పెద్ద సిస్టర్ ఆ కాగితం చూసి కళ్లజోడు సర్దుకుంది. ఆవిడ కళ్లజోడు సర్దుకుందంటే వార్డులో అందరికీ పై ప్రాణాలు పైనే పోతాయి.

"రెఫ్యూజ్డ్ అని రాశావు. ఆయన వద్దన్నాడా?"

"మొహం తిప్పేసుకున్నాడు మేడమ్."

"అయితే మొహం తిప్పుకున్నాడని రాయి. మనం అడిగి, ఆయనకి అర్థమై, ఆయన వద్దంటేనే ఆ మాట రాయాలి. అడిగావా?"

చిన్న సిస్టర్ చెంచా నోటి దగ్గర పట్టుకుని "ఊఁ, ఊఁ" అనడం తప్ప ఏమీ అడగలేదు.

"సాయంత్రం డాక్టరుగారు ఇది చదివి ముక్కులోంచి గొట్టం వేయమంటారు. మనం రాసిందే ఆయన నమ్ముతారు. పద."

పెద్ద సిస్టర్ స్టూలు లాక్కుని తాత పక్కన కూర్చుంది. నిలబడి అడిగితే అడిగినట్టు కాదని ఆవిడ పట్టుదల. "ఎందుకు తినడం లేదండీ?" అని అడిగి ఊరుకుంది. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు పిలుస్తున్నా కదల్లేదు. ఇంత పనిలో ఇంత తీరిక ఈవిడకి ఎక్కడిదా అని చిన్న సిస్టర్ అబ్బురపడింది.

తాత మొహం ఇటు తిప్పాడు. "అందరికీ పెట్టారా?"

"మీరు నీరసంగా ఉన్నారని ముందు మీకే తెచ్చాం తాతా" అంది చిన్న సిస్టర్.

"హాస్టల్లో వంట చేసినవాణ్ణమ్మా. పిల్లలంతా తిన్నాకే నా కంచం. ఇక్కడ చుట్టూ ఇందరు ఆకలితో చూస్తుంటే నాకెలా దిగుతుంది?"

"మరి చెప్పచ్చు కదా!"

"అడిగితేగా!"

చిన్న సిస్టర్‌కి కళ్లు చెమర్చాయి. ప్రేమ కొద్దీ ముందు పెట్టి, ఆ ప్రేమతోనే ఆయన్ని పస్తు ఉంచింది. గబగబా వార్డంతా వడ్డించి వచ్చింది.

"అందరూ తిన్నారు తాతా."

తాత పెద్ద సిస్టర్ వైపు గడ్డం ఎత్తాడు. "ఈవిడో?"

తిన్నానని చెప్పబోయి ఆవిడ ఆగిపోయింది. రాతలోనే కాదు, మాటలోనూ అబద్ధమాడటం చేతకాని మనిషి. తన అన్నం డబ్బా తెచ్చుకుని, అక్కడే స్టూలు మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఆవిడ నాలుగు ముద్దలు మింగేదాకా చూసి, తాత నోరు తెరిచాడు. గిన్నె ఖాళీ అయింది.

చిన్న సిస్టర్ కాగితం తీసి, రెఫ్యూజ్డ్ అన్న ప్రతి చోటా గీత కొట్టింది. పక్కన ఇంగ్లిషులోనే, వచ్చినట్టు రాసింది: ఆయన వద్దనలేదు, నేను అడగలేదు. ఉద్యోగం పోయినా పోతుందనుకుంటూ సంతకం పెట్టింది.

పెద్ద సిస్టర్ కళ్లజోడు సర్దుకుని చదివింది. ‘నేను’ కొట్టేసి ‘మేము’ అని దిద్ది, కింద తన సంతకం కూడా పెట్టింది.