బార్లీ నీళ్ళ జ్ఞానస్నానం

పత్రీసియుస్ కోపిష్టి అని ఏటా రాస్తూనే ఉన్నాను, పునీత మోనికా పండుగ వచ్చిందంటే ఆమె భర్త కోపం, ఆమె ఓర్పు, పోయే ముందు ఆయన జ్ఞానస్నానం తీసుకోవడం, ఇదీ నా ధ్యానం వరస, ఈ ఏడు మాత్రం మొదటి వాక్యం దగ్గరే వేలు ఆగిపోయింది, ఫోన్ పట్టుకుని వంటగదిలో ఎంతసేపు కూర్చున్నా కదల్లేదు, గుడి గ్రూపులో ఆడవాళ్ళు అప్పుడే మొదలుపెట్టారు, ఏం మోనికా అక్కా, నీ పేరు పండుగ రోజునే ధ్యానం ఎగ్గొడతావా, పూజ అయ్యాక పంపుతాను తల్లుల్లారా అని రాసి బయటికి వస్తే మా ఆయన అప్పటికే కారులో కూర్చుని ఉన్నాడు, ఆసుపత్రి నుంచి వచ్చాక స్టీరింగ్ పట్టుకోవడం ఇదే మొదలు, డాక్టరు సరేనన్నాడు, నేను వద్దన్నాను, ఆయన డాక్టరు మాట విన్నాడు, దారి పొడుగునా నేను ఆయన చేతులవైపే చూస్తూ వచ్చాను, చేతులు వణకలేదు, రేవు దగ్గర మలుపులో ఎప్పటిలాగే లారీవాణ్ణి తిట్టాడు, ఆ తిట్టు విని నాకు ప్రాణం లేచి వచ్చింది, ఇదిగో ఇప్పుడు గుడిలో నా బల్ల దగ్గర, కిటికీ పక్కన, మొదటి పఠనం చదువుతున్నారు, నేను మాత్రం కిటికీలోంచి కారు చూస్తున్నాను, అద్దం దించి పేపరు తిరగేస్తున్నాడు, ఉన్నాడు, దేవునికి స్తోత్రం, ఉన్నాడు.

పెళ్ళయిన నాటి నుంచి అంతే, తెల్లవారుజాము పూజకి దింపుతాడు, లోపలికి రాడు, మోక్పో రేవులో పడవ దిగి నిద్ర లేకుండా వచ్చిన రోజు కూడా దింపాడు, పెళ్ళికి ముందు నాతో గుడి ఆఫీసుకి వచ్చి అప్పటి ముసలి ఫాదర్ ఎదురుగా కూర్చుని తెగేసి చెప్పాడు, ఆవిడ పూజకి నేను అడ్డం రాను ఫాదర్, పిల్లలు పుడితే గుడికి పంపుతాను, కానీ నాకు నమ్మకం లేనిదాన్ని ఉందని నోటితో అనను, టగ్ బోటులో ఇంజన్ చూసేవాణ్ణి, పని చెయ్యని పంపుని చేస్తోందని చెబితే మనుషులు మునిగిపోతారు, ముసలి ఫాదర్ నావైపు తిరిగి, అమ్మాయీ, అబద్ధం ఆడనివాణ్ణి చేసుకుంటున్నావు, కష్టపడతావు అన్నాడు, పెద్దగా కష్టపడింది లేదు, ఎంగిలి గిన్నెలు తోముతాడు, మా అమ్మాయి మిరాన్ పుట్టినప్పుడు నాకు బాలింతలకి పెట్టే నాచు సూప్ ఆయనే వండి పెట్టాడు, కష్టమంతా గుడి మెట్ల దగ్గరే, మా ప్రార్థన సంఘం మరియ సేన ఆడవాళ్ళతో, మీ ఆయన ఇంకా బయటేనా, పోనీ ఆ కారుకైనా పవిత్ర జలం చల్లించు, నీతో పాటు అదీ రోజూ వస్తోంది కదా, అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని, ఇంటికెళ్ళి ధ్యానం రాసేదాన్ని, నమ్మని భర్త భార్య వల్ల పవిత్రుడవుతాడన్న పౌలు మాటని ఎన్ని రకాలుగా రాశానో, దాంపత్యం అంటే ఒకరి చెయ్యి పట్టుకుని ఇంకొకరిని పరలోకానికి తీసుకెళ్ళడం అని రాశాను, ఆ రోజు నలభై మంది దండాల బొమ్మలు పెట్టారు, ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను సరే, ఆయన వస్తానన్నాడా అని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు.

నిలబడాలి, సువార్త, నాయీను ఊరి విధవరాలు, ఒక్కగానొక్క కొడుకుని పాడె మీద మోసుకెళ్తున్నారు, ఏడవకు అన్నాడు ప్రభువు, ఆసుపత్రిలో నర్సు కూడా అదే అంది, ఏడవకండమ్మా, పక్కకి జరగండి, ఆ మధ్యాహ్నం ఇంట్లో చల్లటి సోయా నూడుల్స్ తిని లేచినవాడు లేచినట్టే గోడ పట్టుకుని జారిపోయాడు, అంబులెన్సు, నోట్లో గొట్టం, కళ్ళు మూత, డాక్టరు మా అమ్మాయికి ఫోన్ చెయ్యమన్నాడు, ఆ మాటకి అర్థం ఎవరికి తెలియదు, నేను మిరాన్ కంటే ముందు ఆగాత అక్కకి చేశాను, నాకు జ్ఞానతల్లి, ఎనభై దాటింది, గొంతు మాత్రం గుడి గంటే, ఇంకా చూస్తావేమే, పోసెయ్, ఫాదర్ వచ్చేదాకా ఆగితే మనిషి ఉండొద్దూ, మాటలు నీకు వచ్చు, నీళ్ళు పోసి పేరు పెట్టెయ్, ప్రాణం మీదికి వస్తే ఎవరైనా ఇవ్వచ్చు, మా ఊళ్ళో ఎంతమందికి ఇచ్చాను, నేను చుట్టూ చూశాను, నీళ్ళు లేవు, సంచిలో ఫ్లాస్కు ఉంది, మూత తీసి ఆయన నుదుటి మీద మూడుసార్లు పోశాను, యోసేపూ, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను, యోసేపు అన్న పేరు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, నోటికి వచ్చింది, దిండు మీద గోధుమరంగు మరక పాకింది, అప్పుడు వాసన తగిలింది, వేయించిన బార్లీ, మా ఇంట్లో నీళ్ళంటే అవే కదా, ఎవరింట్లో మాత్రం కాదు, బార్లీ వేసి కాచకుండా ఎవరు తాగుతారు, నర్సు వచ్చి ఎవరండీ ఇక్కడ టీ ఒలకబోసింది అని కసిరింది, ఆ తరవాత ఆయన్ని లోపలికి తీసుకెళ్ళారు, గుండెలో పూడిపోయిన రక్తనాళం తెరిచారు, సాయంత్రానికి కళ్ళు తెరిచి, కారు ఎక్కడ పెట్టారు అన్నాడు.

కూర్చున్నాం, బాంగ్ ఫాదర్ ప్రసంగం మొదలుపెట్టాడు, నావైపు చూడకుండా మాట్లాడుతున్నాడు, చిన్నవాడు, మంచివాడు, నిన్న సాయంత్రం పూజ బట్టలు మడతపెట్టే గదిలో ఆయనకి అంతా చెప్పాను, కుదురుగా విన్నాడు, నీళ్ళే కదా మోనికా గారూ అన్నాడు, బార్లీ నీళ్ళు ఫాదర్ అన్నాను, నవ్వు రాకుండా ఉండడానికి శాయశక్తులా చూశాడు, కుదర్లేదు, బల్ల పట్టుకుని నవ్వాడు, నేను ఏడుస్తున్నానని చూసి ఆపుకున్నాడు, క్షమించండి, టీ అయితే అనుమానమే, కానీ దాని సంగతి తరవాత, ఒకటి చెప్పండి, ఆయన ఎప్పుడైనా, మాటవరసకైనా, నాకూ కావాలి అన్నాడా, లేదు ఫాదర్, పోనీ చూస్తాను అన్నాడా, లేదు, ఏమన్నాడు మరి, వద్దన్నాడు, అడిగిన ప్రతిసారీ వద్దనే అన్నాడు, అయితే అది నిలవదమ్మా అన్నాడు, కొండల్లోంచి ఊట నీళ్ళు తెచ్చి పోసినా నిలవదు, నేను ఊరుకోలేదు, రేపటి సువార్తలో ప్రభువు ఆ కుర్రాణ్ణి అడిగి లేపాడా ఫాదర్ అన్నాను, చచ్చిపోయినవాణ్ణి ఎవరు అడుగుతారు మోనికా గారూ, మీ ఆయన చచ్చిపోలేదు కదా అన్నాడు, మీరే ఆయనకి చెప్పండి, ఇంకొకరి నోటినుంచి వినకూడదు, ఆయన జ్ఞానస్నానానికని ఆదివారం మీ మరియ సేనవాళ్ళు తలపెట్టిన వేడుక నేను ఆపుతాను, సరేనని బయటికి వచ్చాను, మెట్లు తేలిగ్గా దిగాను, గుండెల మీద నుంచి ఎవరో మూట దించినట్టుంది, ఇన్నేళ్ళు ప్రార్థించింది దక్కి మళ్ళీ చేజారిపోతే మనిషికి ఊపిరి ఆడకుండా పోవాలి కదా, నాకు ఆడింది, బజారులో ఉప్పు చేప కొన్నాను, డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడని గుర్తొచ్చి వెనక్కి ఇచ్చాను, ఎందుకింత నెమ్మదిగా ఉందో ఎవరిని అడగాలి, రాత్రి భోజనాల దగ్గర చెప్పాలనుకున్నాను, ఆయన టీవీలో బేస్‌బాల్ పెట్టుకున్నాడు, చెప్పలేదు, కారులో చెప్పాలనుకున్నాను, లారీవాడు అడ్డం వచ్చాడు, ఇప్పుడు చెప్పెయ్యాలి, పూజ అవగానే, ఆగాత అక్క కారు దగ్గరికి చేరేలోపు.

సత్ప్రసాదం నాలుక మీద కరిగింది, కళ్ళు మూసుకుని ప్రభూ నాకు నోరు ఇవ్వు అన్నాను, తెరిచేసరికి దీవెన కూడా అయిపోయింది, లేవబోయాను, ఫాదర్ మైకు పట్టుకుని, ఈ రోజు మోనికా పేరున్న వాళ్ళంతా ముందుకి రండి అన్నాడు, ఆ సంగతే మరిచాను, మేం నలుగురం పీఠం ముందు నిలబడ్డాం, చేతికి తలా ఒక పువ్వు, పేరు పండుగ శుభాకాంక్షలు, అందరూ చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకున్నారు, పక్కనున్న చిన్న మోనికా నా చెయ్యి పట్టుకుని ఊపుతోంది, ఆగాత అక్క బల్ల ఖాళీ, చూశాను, ఖాళీ, తలుపు దగ్గర చేతికర్ర, ఇంకో చేతిలో తొక్ పెట్టె, ఆదివారానికని ఉడికించిన బియ్యప్పిండి తొక్ కాబోలు రుచికి తెచ్చింది, మెట్లు దిగుతోంది, కారువైపు, పాటకి ఇంకో చరణం ఉంది, ఉంటే ఉంది, పువ్వు చిన్న మోనికా చేతిలో పెట్టి నడవలోంచి పరిగెత్తాను, ఈ వయసులో గుడిలో పరుగు, వెనక పాట తడబడి మళ్ళీ అందుకుంది, ముంగిట్లోకి వచ్చేసరికి అక్క కర్రతో కారు అద్దం మీద కొడుతోంది, యోసేపు తమ్ముడూ, యోసేపు తమ్ముడూ, అభినందనలయ్యా, ఇన్నేళ్ళకి మా గూటికి చేరావు, ఆ పేరు ఎవరిదా అని ఆయన చుట్టూ చూసి, ఎవరు అక్కా యోసేపు అన్నాడు, నువ్వే, ఇంకెవరు, ఆసుపత్రిలో నీ పెళ్ళాం చేతులతోనే జ్ఞానస్నానం అయింది, చెప్పలేదూ, నేను అక్కడే ఆగిపోయాను, ఆయన నన్ను చూశాడు, నా ముఖం చూస్తే చదవడానికి పేపరు అక్కర్లేదు, అక్క చేతిలో తొక్ పెట్టె అందుకుని, అక్కా, నన్ను అడక్కుండా నాకు పేరు పెట్టినవాళ్ళు ఇద్దరు, మా తాత, మీ మోనికా, తాత పెట్టింది కూడా నాకు నచ్చలేదు అన్నాడు, అక్క పగలబడి నవ్వింది, నువ్వు మారవురా అంటూ కర్ర పొడుచుకుంటూ వెళ్ళింది, ఆయన నవ్వలేదు, ఎక్కు అన్నాడు.

తలుపు వేసుకున్నాను, ఆయన ఇంజన్ ఆన్ చెయ్యలేదు, ఏవండీ అన్నాను, ఆగు మిరాన్ వాళ్ళమ్మా అన్నాడు, నెత్తిన ఏదో పోశావని నాకు తెలుసు, చెవిలోకి కారింది, కళ్ళు తెరవలేకపోయాను, మాటలు తెలియలేదు కానీ గొంతు వినబడింది, నీ గొంతు అలా వణకడం ఎప్పుడూ వినలేదు, పాపం భయపడుతోంది అనుకున్నాను, అంతే అనుకున్నాను, పోసినందుకు నాకేం లేదు, నా పక్కన కూర్చుని ఇన్ని రోజులు అన్నం తిన్నావు, ఒక్క మాట చెప్పలేదే, ఆగాత అక్కకి తెలుసు, సేనకంతా తెలుసు, నాకు తెలియదు, తప్పయిందండీ అన్నాను, ఫాదర్ అది నిలవదన్నాడని చెప్పాను, మీరు కోరుకోలేదు కాబట్టి లెక్కలోకి రాదన్నాడు, మీరు యోసేపు కారు, మీరు మీరే, మీ తాత పెట్టిన జోంగ్‌మునే, నీకు బాధగా ఉందా అన్నాడు ఆయన, లేదండీ, అదే నాకూ అర్థం కావడం లేదు, మరి నేను ఆ రోజే పోయి ఉంటే అన్నాడు, పోయి ఉంటే, ఆగాను, ఈ మనిషి దగ్గర అబద్ధం చెల్లదు, పోయి ఉంటే నా పని పూర్తయిందని ఊరట పడేదాన్ని, పునీత మోనికాలాగే అని రాసుకునేదాన్ని, ఆయన హు అన్నాడు, ఆ పత్రీసియుస్ పరాయి ఆడవాళ్ళ వెంట తిరిగాడని నువ్వే రాశావు, పోయినేడు, నేనెప్పుడు తిరిగాను చెప్పు, మీరు చదువుతారా అన్నాను, కారులో ఇంతసేపు పేపరొక్కటే చదువుతానా, ఒక్కోసారి నీ వాక్యాలకి ఎక్కడ ఆపాలో తెలియదు, పొడుగెక్కువ అన్నాడు, నాకు నవ్వు వచ్చింది, నవ్వుతుంటే ఏడుపూ వచ్చింది, ముక్కు చీదుకోమని కాగితం ఇచ్చాడు.

ఒక్కటి అడగనా అన్నాను, ఇన్నేళ్ళు, వానలో, మంచులో, ఈ కారులో కూర్చుని ఏమనుకునేవారు, ఏమనుకుంటాను అన్నాడు తాళం తిప్పుతూ, ఇంకా రాదేం ఈవిడ అనుకునేవాణ్ణి, ఇంజన్ అందుకుంది, తొక్ వెచ్చగా ఉంది తింటావా అంటున్నాడు, నేను వినడం లేదు, గుడి తలుపు లోంచి జనం బయటికి వస్తున్నారు, ఇన్నేళ్ళుగా నేను అటువైపు నుంచే చూశాను, ఆయన బయట ఉండిపోయాడు, ఎలాగైనా లోపలికి తేవాలి అని, పూజలో సగం ఆ దిగులుతోనే పోయింది, ఆయన ఎప్పుడూ లోపలికి రావడం కోసం ఇక్కడ కూర్చోలేదు, నేను బయటికి రావడం కోసం కూర్చున్నాడు, నేను ప్రతిరోజూ వచ్చాను.