హైమవతి పాదాల కింద

నేను ఒక ఇత్తడి పళ్ళాన్ని. పుట్టింది అజ్జరంలో, ఒక కంచరి కొలిమి దగ్గర. అన్నం తినడానికే చేశారు గానీ ఒక్క పూటైనా మెతుకు మోసిన పాపాన పోలేదు. కూచిపూడి నాట్యం నేర్పే సోమయాజులు మాస్టారు నన్ను కొని, తిన్నగా తీసుకెళ్ళి హైమవతి అనే పదేళ్ళ పిల్ల కాళ్ళ కింద పడేశారు. అప్పటి నుంచి నాకు కుదురు లేదు.

తరంగం ఆడేటప్పుడు తలమీద నీళ్ళ చెంబు పెట్టుకుని, నా అంచు మీద నిలబడి, పాదాలతోనే నన్ను నేల మీద నడిపించాలి. చాలామంది ఈడుస్తారు. నేను కీచుమంటాను. "గజ్జెలు వినబడాల గానీ పళ్ళెం వినబడకూడదే!" అని మాస్టారు ఆరేళ్ళు అరిచారు. ఏడో ఏడాదికి ఆ పిల్లకు పట్టు చిక్కింది. వేళ్ళు లోపలికి ముడిచి, బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి దాటే ఆ రెప్పపాటులోనే నన్ను జరిపేది. ఢిల్లీలో ఆడినా పారిస్‌లో ఆడినా, నలభై అయిదేళ్ళు నా గొంతు ఎవరూ వినలేదు. చప్పట్లన్నీ ఆమె తలమీది చెంబుకే. కింద ఉన్నవాళ్ళను ఎవరు చూస్తారు లెండి! అయినా ఆమె అంటే నాకు గర్వం. గోడకు ఆనించిన రోజుల్లో ఎప్పుడు దించుతుందా అని ఒకటే ఆరాటం.

చివరి ప్రదర్శన విజయవాడలో పెట్టారు. ఆమెకప్పటికి అరవై దాటాయి. శిష్యురాలు కల్హార భక్తి కొద్దీ నన్ను చింతపండుతో తోమి, గడపకు రాసినట్టు అంచంతా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఓసి పిచ్చిపిల్లా, కాళ్ళు పెట్టే చోట తడి పసుపేమిటే! అరుద్దామంటే నాకు నోరేదీ?

హైమవతి ఎక్కింది. మొదటి అడుగుకే పాదం జారింది. నేను కీచుమన్నాను. హాలంతా ఉలిక్కిపడింది. ఆమె కిందికి చూసింది. పక్కన తెర చాటున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డ కల్హారనూ చూసింది. ఆగి తుడిస్తే సరిపోయేది. కానీ తుడిస్తే పసుపు అందరికీ కనబడుతుంది, ఎవరు రాశారని అడుగుతారు. తుడవలేదు. ఆ జారుడు మీదే ఇరవై నిమిషాలు ఆడింది. నేను ఇంకో మూడుసార్లు అరిచి, సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పేపర్లో, వయసు మీదపడింది, ముందే మానుకోవాల్సింది అని రాశారు. కల్హార ఆ పేపరు పట్టుకుని ఏడుస్తూ వచ్చింది.

"తప్పు నాదని వాళ్ళకి చెప్పేస్తానమ్మా."

"చెప్తే ఏమవుద్దే? నిన్నింక స్టేజీ ఎక్కనిస్తారా? నాకు ఎంత పోయినా ఇంకా కాస్త పేరు మిగులుద్ది. నీకింకా మొదలే కాలేదు."

"నలభై అయిదేళ్ళ పేరమ్మా!"

"నాదేగా. ఏం చేసుకోవాలో నాకు తెలుసు."

ఆమె పేపరు లాక్కుని మడిచి పక్కన పడేసింది. నాకైతే ఎగిరి వెళ్ళి ఆ రాసినవాడి నెత్తిన పడాలనిపించింది.

హైమవతి నన్ను నేల మీద పెట్టి, లయ వేసే కంచు తాళాలు చేతికి తీసుకుంది.

"ఎక్కు" అంది.

కల్హార కళ్ళు తుడుచుకుని ఎక్కింది. ఎంత బిగబట్టుకున్నా కీచుమన్నాను.

"మళ్ళీ" అంది హైమవతి.