జనవరిలో తల ఆరబెట్టుకున్నాను

"ఈ ఏడు మా కోడలు బాగా తేరుకుంది. గొర్రెలే చిక్కిపోతున్నాయి," అంది అత్తగారు, నేను టీ పోసి అందిస్తుంటే. నవ్వుతూనే అంది. పక్కనే ఉన్న మా ఆయన కుబాత్ మాత్రం నవ్వలేదు.

నిజమే, తేరుకున్నాను. ఈ నారిన్ కొండల్లో చలికాలమంటే ఇంట్లోవాళ్ళు లేచేసరికి గుమ్మం నుంచి గొడ్ల పాక దాకా నేను మంచు ఎత్తి దారి తీసి ఉండాలి. పైకప్పు ఎక్కి అక్కడి మంచూ తోసెయ్యాలి. గునపంతో నది మీద గడ్డ పగలగొట్టి నీళ్ళు తేవాలి. తడిసిన పావడా అంచు గడ్డకట్టి, నడుస్తుంటే చెక్కముక్కలా పిక్కలకి కొట్టుకునేది. "పనిలో ఉంటారుగా, ఆడవాళ్ళకి చలేం తెలుస్తుంది!" అనేవాడు కుబాత్, బొంతలోంచి తల బయటపెట్టకుండానే.

ఈ ఏడు ఆకాశం ఒక్క మంచురేకు కూడా రాల్చలేదు. నది గడ్డకట్టలేదు, బకెట్ ముంచితే చాలు. పారని తలుపు వెనక పెట్టి మర్చిపోయాను. జనవరిలో, నమ్ముతారో లేదో, తలంటుకుని గోడవారన కూర్చుని ఎండలో జుట్టు ఆరబెట్టుకున్నాను. మెడ మీద ఎండ పడుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది. అంత హాయిగా ఉంది.

కానీ మా చలికాలపు మేతబీడులో నీటిచుక్క ఉండదు. అక్కడ గొర్రెలకి మంచే నీళ్ళు. మంచు పడ్డ ఏడు కుబాత్ మందని కొండ మీదికి తోలేసి, ఇంటికొచ్చి టీ తాగుతాడు. ఈ ఏడు రోజూ నది దాకా దింపి, మళ్ళీ ఎక్కించాలి. అన్నీ చూలుతో ఉన్న గొర్రెలు. మొన్న ఒకటి నెలలు నిండకుండానే దారిలో ఈసుకుపోయింది. బొచ్చయినా సరిగ్గా రాని పిల్లని కోటులో చుట్టి తెచ్చాడు. అప్పటికి నేను గోడవారనే ఉన్నాను. గబుక్కున తల మీదికి రుమాలు లాక్కున్నాను.

"నీకేంలే, హాయిగా ఉంది," అన్నాడు.

అబద్ధమేం కాదు. మంచు లేకపోతే వసంతానికి గడ్డి ఉండదు, గడ్డి లేకపోతే మంద ఉండదు, మంద లేకపోతే మేమేం తింటాం? నాకు తెలియదా? తెలిసి కూడా మర్నాడు పొద్దున్నే తేటగా ఉన్న ఆకాశం చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్ల కళ్ళు కూడా తెరవలేదు. నేనేం మనిషిని?

శుక్రవారం ఊరంతా నది ఒడ్డున చేరి, మంచు కోసం గొర్రెని కోసి దువా చేశారు. ఆడవాళ్ళం తెల్లారకముందే వెళ్ళి పేగులు కడిగాం, పిండిముక్కలు కోసి నూనెలో బోర్సోక్‌లు వేయించాం. అందరూ అరచేతులు చాచారు. "గట్టిగా అడగవే. చూలు గొర్రెల మొహం చూసైనా అడుగు," అని గుసగుసలాడింది అత్తగారు. చేతులు చాచాను గానీ అడగలేకపోయాను. గునపం గుర్తొచ్చింది, పావడా అంచు గుర్తొచ్చింది. తర్వాత కోటులో చుట్టిన ఆ పిల్ల గుర్తొచ్చింది. అడిగాను. ఏడుస్తూ అడిగాను.

ఆ వారంలోనే పడింది మంచు. తెల్లారేసరికి మోకాలి లోతు. అత్తగారు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. నాకూ సంతోషమే, ఒట్టు.

"నీ దువా ఫలించిందే!" అన్నాడు కుబాత్, బొంత ముసుగు లాక్కుంటూ. "లే మరి, పాక దాకా దారి తియ్యి. నది దాకా నడిచి నడిచి నా కాళ్ళు పోయాయి."

తలుపు వెనక నుంచి పార తెచ్చాను. తెచ్చి అతని బొంత మీద పెట్టాను.

"నీళ్ళు నేను తెస్తాను, దారి నువ్వు తియ్యి," అన్నాను. "మంచు కావాలని అందరం కలిసే అడిగాం కదా."