బెల్టు కింద మిగిలిన చర్మం

గనిలో గ్యాస్ అంటుకున్నప్పుడు లింగమూర్తి ఒంటి మీద కాలకుండా మిగిలింది బెత్తెడు చర్మమే. దీపం బ్యాటరీని మోసే తోలు బెల్టు నడుము దగ్గర ఆ కాస్త మేర కాపాడింది. మిగతా ఒళ్లంతా కట్లే. దవాఖాన వరండాలో అతని తల్లి ఐలవ్వ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు.

సాయంత్రం డాక్టరు ఆమెను లోపలికి పిలిచాడు. బొంబాయిలో ఒకచోట చర్మాన్ని పెంచుతున్నారనీ, గోరంత ముక్క పంపితే గాజు పళ్లేల్లో దాని కణాలు పెరిగి, మూడు వారాల్లో ఒళ్లు కప్పేటన్ని పొరలవుతాయనీ చెప్పాడు. ఐలవ్వ అయోమయంగా చూసింది. పాపం, ఆయన తేలిక చేసి చెబుదామనుకున్నాడు.

"పెరుగు తోడేస్తవు గదా అవ్వా? చెంచాడు తోడుతోని కుండెడు పాలు పెరుగైతయి. గట్లనే ఇది. బెల్టు కింది చర్మమే తోడు. జల్ది ఈ కాయితం మీద వేలిముద్ర వెయ్యి, రాత్రి బండికి పంపిస్త."

ఐలవ్వకు ఇప్పుడు బాగా అర్థమైంది. అదే కొంప ముంచింది. కిటికీలోంచి చూస్తే కాలనీలో అప్పటికే దీపాలు వెలిగాయి.

"దీపాలు పెట్టినంక తోడు బయటికియ్యరు సారూ. ఇంట్ల సిరి పోతది. నాకున్న సిరి గీ ఒక్క కొడుకే. పొద్దుగాల్నే తీస్కో."

"అయ్యో, అది మాటకు చెప్పిన అవ్వా! తెల్లారేసరికి చీము పడితే ఎట్ల?"

"వద్దు సారూ. నీ కాళ్లు మొక్కుత."

డాక్టరు బతిమాలాడు, కోప్పడ్డాడు. ఆమె కదలలేదు. అడిగినవాళ్లకు లేదనకుండా తోడిచ్చిన మనిషే, పొద్దు గూకాక మాత్రం సొంత చెల్లెలికైనా ఇవ్వలేదు. కొడుకు ప్రాణం దగ్గర ఆ కట్టు తప్పుతుందా? తిట్టేవాళ్లు తిట్టుకోండి. బిడ్డను కాపాడుకుంటున్నాననే అనుకుంది ఆ తల్లి.

తెల్లారగానే తలస్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చింది. "ఇగ తీస్కో సారూ," అంది ఆశగా.

డాక్టరు నడుము మీద కప్పిన గుడ్డ తీశాడు. బెల్టు కింది చర్మం మెత్తబడి చీము కారుతోంది. లింగమూర్తి జ్వరంతో కలవరిస్తున్నాడు.

"ఇది పనికిరాదవ్వా. పంపినా పెరగది," అన్నాడు డాక్టరు మెల్లగా.

ఐలవ్వ గబగబా కొంగు తీసి చెయ్యి చాపింది.

"నాది తీస్కో. ఎంత గావాల్నంటె అంత కొయ్యి."

"ఇంకొకరి చర్మం ఒంటికి పట్టదవ్వా. కొన్నాళ్లకు రాలిపోతది."

చాపిన చెయ్యి చాపినట్టే ఉంది.

"నేను పరాయిదాన్నా సారూ?" అంది ఐలవ్వ. "వాడు నా ఒంట్లనే పెరిగిండు గదా."